మూడు గిన్నెలు, బంతుల ట్రిక్ నేర్చుకోవాలి: ఎక్కడ మొదలుపెట్టాలి?

వంశీ_నెల్లూరు
అందరికీ నమస్కారం. మ్యాజిక్ గట్టిగా నేర్చుకోవాలని ఉంది, తెలిసినవాళ్ళు దారి చెప్పండి. నాకు వచ్చిందల్లా పేకముక్కలతో చేసే 21 ముక్కల ట్రిక్ ఒక్కటే. అది మా ఇంట్లో అందరికీ తెలుసు, చివర్లో లెక్కపెట్టడం మొదలుపెట్టగానే మా బావ "పదకొండోది" అనేస్తాడు. నాకు నిజంగా చేయాలని ఉన్నది మూడు గిన్నెలు, బంతులు. ఒక గిన్నె కింద పెట్టిన బంతి ఇంకో గిన్నె కింద తేలడం, చివరికి అన్నిటి కిందా నిమ్మకాయలు రావడం. వీడియోలు చాలా చూశాను, రహస్యం రెండు నిమిషాల్లో చెప్పేస్తారు, అర్థం కూడా అవుతుంది, చేద్దామంటే మాత్రం చేతికి రాదు. ముందు నాణేలా, ముక్కలా, నేరుగా గిన్నెలేనా? ఇంట్లో స్టీలు గ్లాసులతో చేయొచ్చా, కొనాలా? అద్దం ముందు సాధన చేస్తే చాలా? మన దగ్గర నేర్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

సతీష్_కరీంనగర్
వంశీ తమ్ముడూ, నేను ఫంక్షన్లలో షోలు చేస్తుంటా. నన్నడిగితే ముందు నాణెం, ఆ తర్వాతే గిన్నెలు. ఎందుకంటే గిన్నెల ట్రిక్‌లో సగం పని బంతిని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఇచ్చినట్టు చూపించి ఇవ్వకపోవడమే. అది నాణెంతో వచ్చిందంటే మెత్తటి బంతితో ఇంకా తేలిక.

పది రూపాయల నాణెం తీసుకో, 27 మిల్లీమీటర్లు ఉంటుంది, ఐదు రూపాయలది అంతకంటే చిన్నది, కొత్తవాళ్ళకి అది అరచేతిలో జారిపోతుంది. ఇరవై రూపాయలది కూడా 27, కానీ పన్నెండు పలకలు ఉంటాయి కాబట్టి కొందరికి పట్టు బాగుంటుంది, కొందరికి గుచ్చుకుంటుంది, రెండూ పట్టుకుని చూడు. ముందు ఫింగర్ పామ్ నేర్చుకో, అంటే మధ్యవేలు, ఉంగరపు వేలు మొదళ్ళ దగ్గర నాణేన్ని ఆనించి వేళ్ళు కొంచెం వంచి ఉంచడం. ఎవరి చేయైనా ఊరికే వేలాడేటప్పుడు ఆ మాత్రం వంగే ఉంటుంది, అందుకే అనుమానం రాదు. అరచేతి మధ్యలో బొటనవేలి దిమ్మకీ చిటికెన వేలి వైపు కండకీ మధ్య నొక్కిపట్టే క్లాసిక్ పామ్ తర్వాత, దానికి నెలలు పడుతుంది, పట్టనీ.

అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది. దొంగ కదలిక సాధన చేసే ముందు నిజం కదలిక సాధన చేయాలి. నాణేన్ని కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి నిజంగానే ఇవ్వు. నువ్వు ఎటు చూస్తున్నావు, ఎడమచేయి ఎప్పుడు మూసుకుంటోంది, కుడిచేయి ఆ తర్వాత ఎక్కడికి పోతోంది, అన్నీ గమనించు. తర్వాత ఒకసారి నిజం, ఒకసారి దొంగ, ఒకసారి నిజం. ఫోన్లో రికార్డు చేసి రేపు పొద్దున చూడు. ఏది ఏదో నీకే తెలియకూడదు. మంచం మీద కూర్చుని చేయి, నాణెం పడినా మాటిమాటికీ వంగి వెతుక్కునే పని ఉండదు.

ఫణి_వైజాగ్
అద్దం గురించి సతీష్ గారు చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. అద్దం పనికొస్తుంది కానీ దాంతో ఒక ప్రమాదం ఉంది. దొంగ కదలిక చేసే క్షణంలో చాలామంది తెలియకుండానే కళ్ళు ఆర్పుతారు. అద్దంలో చూసేది మన కళ్ళే కాబట్టి ఆ తప్పు మనకి కనబడదు. పైగా అద్దంలో మన చేతులనే చూసుకోవడం అలవాటైతే జనం ముందు కూడా చేతులనే చూస్తాం. చూపు ఎంత ముఖ్యమో ఒక ప్రయోగం ఉంది. 2006లో గుస్తావ్ కున్, మైకేల్ లాండ్ అనే ఇద్దరు పరిశోధకులు మాయమయ్యే బంతి ట్రిక్ మీద చేశారు. మెజీషియన్ బంతిని రెండుసార్లు నిజంగా పైకి ఎగరేసి పట్టుకుంటాడు, మూడోసారి ఎగరేసినట్టు నటిస్తాడు, బంతి చేతిలోనే ఉంటుంది. అతని చూపు లేని బంతి వెంట పైకి వెళ్ళినప్పుడు 68 శాతం మంది బంతి పైకి వెళ్ళడం చూశామన్నారు. చూపు చేతి మీదే ఉన్నప్పుడు 32 శాతమే. చేయి చేసిన పని రెండుసార్లూ ఒకటే! కళ్ళు తేడాగా ఉండటం వల్ల మోసపోయినవాళ్ళు రెట్టింపు అయ్యారు.

అందుకని వంశీ, నాణెం ఉందనుకునే చేతిని నువ్వు చూడు. నిజంగా నమ్మి చూడు. తర్వాత తలెత్తి ఎదుటివాళ్ళ మొహంలోకి చూసి ఏదైనా అడుగు. నువ్వు వాళ్ళ కళ్ళలోకి చూస్తే వాళ్ళూ నీ కళ్ళలోకే చూస్తారు, చేతుల్ని వదిలేస్తారు.

సుబ్రహ్మణ్యం_తెనాలి
ఈ చర్చ చూసి చాలా సంతోషం వేసింది నాయనా. గిన్నెలూ బంతులూ అంటే స్టేజీ మీద బల్ల వెనక నిలబడి చేసేదే అనుకుంటారు ఈతరం పిల్లలు. మన గారడీవాళ్ళది వేరే పద్ధతి, దాని గురించి రాయాలి.

రోమ్‌లో సెనెకా అనే తత్త్వవేత్త సుమారు రెండు వేల ఏళ్ళ కిందటే ఒక ఉత్తరంలో గారడీవాళ్ళ గిన్నెలూ గులకరాళ్ళ ప్రస్తావన చేశాడు, అంత పాత విద్య ఇది. పడమటి దేశాల గిన్నెలు లోహంతో, గ్లాసు ఆకారంలో ఉంటాయి, ఒకదానిలో ఒకటి దూరతాయి. మనవి చెక్కవి, పొట్టిగా, పైన బొడిపె లాంటి పిడి ఉంటుంది. ఆ పిడిని రెండు వేళ్ళ మధ్య ఇరికించి పట్టుకుంటాడు. గారడీవాడు నేల మీద కూర్చుంటాడు, చుట్టూ జనం. గిన్నెని ఇటు ఎత్తి అటు బోర్లించే ఆ ఒక్క ఊపులోనే బంతి లోపలికి పోతుంది. బంతులు గుడ్డ ఉండలు, చప్పుడు ఉండదు. చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి, బల్ల లేకుండా, దాచుకోవడానికి ఏమీ లేకుండా చేసేవారు. కేరళలో దీన్ని చెప్పుం పందుం అంటారు, వాళకున్నం నంబూద్రి గారు అందులో పెద్ద పేరు, ఆ రాష్ట్రంలో మ్యాజిక్ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఆయన్ని గురువుగా తలుచుకుంటారు.

మనకి మాత్రం ఏం తక్కువ. ఆంధ్రలో విప్రవినోదులు ఉండేవారు, బ్రాహ్మణుల ఇళ్ళలో, శుభకార్యాల్లో వాళ్ళ ముందు మాత్రమే ప్రదర్శన ఇచ్చేవారు. తెలంగాణలో సాధనాశూరులు, వాళ్ళు పద్మశాలీల ఆశ్రిత కులం, ఏటా మగ్గాల ఊళ్ళకి వచ్చి ఇంద్రజాలం, సాహసాలు చూపించి వాళ్ళ దగ్గర త్యాగం (ఆనవాయితీగా ఇచ్చే కానుక) తీసుకుని వెళ్ళేవారు. సింహాసన ద్వాత్రింశిక కథల్లో ఐంద్రజాలికుడు భార్యని రాజుగారి దగ్గర ఉంచి ఆకాశంలోకి యుద్ధానికి వెళ్ళడం, కాళ్ళూ చేతులూ తెగి కింద పడటం, చివరికి అతనే నవ్వుతూ తిరిగి రావడం ఉంది కదా, మన కొరవి గోపరాజు తెలుగులో రాశాడు. శంకరాచార్యులవారు బ్రహ్మసూత్ర భాష్యంలో తాడు పట్టుకుని ఆకాశానికి ఎక్కే మాయావిని ఉదాహరణగా తెచ్చారు. అంతటి పండితుడు దృష్టాంతంగా తెచ్చాడంటే అలాంటి మాటలు అప్పటికే జనంలో ఉన్నట్టే.

సతీష్_కరీంనగర్
సాధనాశూరుల గురించి రాసినందుకు దండాలు సార్. మా దిక్కు పెద్దోళ్ళు ఇప్పటికీ చెప్తుంటారు. ఆ కుటుంబాలల్ల పిల్లలు చాలామంది వేరే పనుల్లోకి పోయిన్రు. ఎవరైనా వాళ్ళ పెద్దవాళ్ళ ప్రదర్శన వీడియో తీసి దాచిపెడితే ఎంత మేలో. నేర్చుకుందామనుకునేవాళ్ళు యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళని చూసినంతసేపు మన ఊళ్ళో ఉన్న ముసలాయన దగ్గర కూర్చోరు, నాకు ఆ బాధ ఉంది.

డల్లాస్_కిరణ్
నాది వేరే అభిప్రాయం, ముక్కలతో మొదలుపెట్టినా తప్పులేదు. వంశీకి ఇప్పటికే పేక చేతిలో ఉంది కాబట్టి దాన్ని వదిలేయడం ఎందుకు? ముందు ఆ 21 ముక్కల ట్రిక్‌నే బాగుచేసుకో బ్రదర్. మూడు వరసల్లో ఏడేసి పరుస్తావు, వాళ్ళు మనసులో అనుకున్న ముక్క ఏ వరసలో ఉందో చూపిస్తారు, ఆ వరసని మధ్యలో పెట్టి కలుపుతావు. రెండోసారి కూడా అంతే. మూడోసారి పరిచాక వాళ్ళు వరస చూపించిన ఆ క్షణంలోనే, ఆ వరసలో నాలుగోదే వాళ్ళ ముక్క. కాగితం మీద వేసి చూసుకో, ఎప్పుడూ అంతే. అంటే కలిపి పదకొండు దాకా లెక్కపెట్టే అవసరమే లేదు. ముక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి నాలుగోది ఏదో కంటితో చూసి గుర్తుపెట్టుకో, మొత్తం పేక తీసి మీ బావకే ఇచ్చి బాగా కలపమను. కలిపాక నువ్వు ఒక్కో ముక్కా తీస్తూ అతని చేతి నాడి పట్టుకుని "ఇక్కడ నాడి కొట్టుకుంది" అను. అతనికి తెలిసిన లెక్క అక్కడ పనిచేయదు, కలిపింది అతనే కదా.

పేక విషయంలో మాత్రం రాజీ పడకు. ఇక్కడ మ్యాజిక్ చేసేవాళ్ళు ఎక్కువగా బైసికిల్ వాడతారు, 1885 నుంచి వస్తున్న బ్రాండ్, ఇండియాలో ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. రమ్మీకి వాడే ప్లాస్టిక్ ముక్కలు విసనకర్రలా సమంగా విచ్చుకోవు, రెండు ముక్కల్ని ఒకటిగా ఎత్తడం (డబుల్ లిఫ్ట్) వాటితో నరకం.

డై వెర్నన్ అనే కెనడా మెజీషియన్ 1922లో షికాగోలో అప్పటి పేరుమోసిన మెజీషియన్ హుడినీనే బోల్తా కొట్టించాడు. ఏ ట్రిక్ అయినా వరసగా మూడుసార్లు చూపిస్తే కనిపెట్టేస్తానని హుడినీ చెప్పుకునేవాడు. హుడినీ సంతకం పెట్టిన ముక్కని వెర్నన్ మధ్యలో పెట్టడం, అది మళ్ళీ పైకి రావడం, మళ్ళీ మళ్ళీ చూపించినా హుడినీకి అంతుపట్టలేదు. ఆ వెర్నన్ జీవితమంతా చెప్పిన మాట ఒక్కటే, సహజంగా ఉండు అని. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇంకో మాట: ఐబీఎం అని 1922లో పెట్టిన మెజీషియన్ల సంఘం ఉంది, ఊరూరా దానికి "రింగ్" అని శాఖలు ఉంటాయి. కొత్తవాళ్ళని బాగా చేరదీస్తారు.

వంశీ_నెల్లూరు
కిరణ్ అన్నా, నాలుగోది నిజంగానే వస్తోంది! ఇప్పుడే కూర్చుని రకరకాల ముక్కలతో చేసి చూశాను. మా బావ శనివారం వస్తాడు. సతీష్ అన్నా, స్టీలు గ్లాసుల సంగతి చెప్పలేదు. ఇంకోటి, గిన్నెల్లో అసలు కిటుకు ఏంటో ఎవరైనా విడమరిచి చెప్తారా? నేలబారుగా అడుగుతున్నాను, ఏమనుకోకండి.

మోడరేటర్
ఇక్కడ ఒక గమనిక. వందల ఏళ్ళుగా పుస్తకాల్లో ఉన్న సాధారణ సూత్రాలు చర్చించుకోవచ్చు. ఇప్పుడు బతికున్న ఒక మెజీషియన్ సొంతంగా తయారుచేసుకుని అమ్ముకుంటున్న ట్రిక్ రహస్యం ఇక్కడ రాయకండి, అది వాళ్ళ అన్నం. ఫంక్షన్లో ఎవరో చేసింది చూసి "ఇలా చేశాడు" అని వీడియో పెట్టేవాళ్ళ పోస్టులు తీసేస్తాం.

సతీష్_కరీంనగర్
సరైన నియమం. గిన్నెలది అందరి సొత్తు కాబట్టి చెప్తున్నా వంశీ. జనం చూసేది మూడు బంతులు, నీ దగ్గర ఉండేది నాలుగు. ఆ నాలుగోది ఎప్పుడూ వాళ్ళకంటే ఒక అడుగు ముందు ఉంటుంది. వాళ్ళు "ఇప్పుడు పెడుతున్నాడు" అనుకునేసరికి నువ్వు ఎప్పుడో పెట్టేశావు. ఇక మిగిలిందంతా ఏ క్షణంలో ఏ గిన్నె ఎత్తాలి, ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి. చివర్లో నిమ్మకాయలు లోపలికి పోయేది కూడా జనం ఒక బంతి కనబడ్డ ఆశ్చర్యంలో నవ్వుతున్నప్పుడే. నవ్వేటప్పుడు ఎవరూ కాపలా కాయరు.

గ్లాసులు: మొదట్లో పేపర్ కప్పులే మంచివి. అడుగు లోపలికి గుంటగా ఉంటుంది, బోర్లిస్తే పైన బంతి జారకుండా నిలుస్తుంది. ఒకదాని మీద ఒకటి పెడితే మధ్యలో బంతి పట్టేంత ఖాళీ ఉంటుంది. స్టీలు గ్లాసు కొనేముందు ఇదే పరీక్ష చేయి, రెండు గ్లాసుల మధ్య బంతి పెట్టి పై గ్లాసు వంకరపోకుండా కూర్చుంటే పనికొస్తుంది. ఊలుతో అల్లిన చిన్న ఉండలు వాడు, బల్ల మీద మందపాటి దుప్పటి పరువు, లేకపోతే స్టీలు చప్పుడే నిన్ను పట్టిస్తుంది.

మాధవి_టీచర్_శ్రీకాకుళం
మోడరేటర్ గారూ, మీ నియమాన్ని గౌరవిస్తాను కానీ ఒక మినహాయింపు అడుగుతున్నాను. నేను ప్రభుత్వ బడిలో సైన్సు చెప్తాను. మా చుట్టుపక్కల ఊళ్ళలో దిష్టి తీస్తామని, చేతబడి విప్పుతామని వచ్చేవాళ్ళు నిమ్మకాయ కోసి రక్తం చూపిస్తారు. మందార పువ్వు రుద్ది ఆరబెట్టిన కత్తితో నిమ్మకాయ కోస్తే ఆ పులుపుకి రసం ఎర్రబడుతుంది. పసుపు నీళ్ళలో సున్నం కలిపితే ఎర్రనవుతుందని ప్రతి ఇల్లాలికీ తెలుసు, కానీ తెల్లబట్ట మీద పసుపు ముందే పూసి ఆరబెట్టి, సున్నపు తేట చల్లి "రక్తం కక్కుతోంది" అంటే అదే ఇల్లాలు భయపడిపోతుంది. ఇలాంటివి బయటపెట్టకుండా ఎలా? జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊళ్ళల్లో ఈ పనే చేస్తున్నారు, ముందు అద్భుతంలా చేసి చూపించి, తర్వాత ఎలా జరిగిందో చెప్తారు. విజయవాడ నాస్తిక కేంద్రం నిప్పుల మీద నడిచి చూపించింది. హేతువాది ప్రేమానంద్ గారు దేశమంతా తిరిగి బాబాల గుట్టు చెప్పారు. 1584లోనే ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ మంత్రగత్తెలని జనాన్ని చంపడం తప్పని పుస్తకం రాస్తూ అందులో గారడీ కిటుకులు వివరించాడు, ఇదంతా చేతి పనేనని చెప్పడానికి.

మోడరేటర్
మాధవి గారూ, పూర్తిగా ఒప్పుకుంటాను. శక్తి ఉందని చెప్పి డబ్బు గుంజేవాడికి రహస్యం దాచుకునే హక్కు లేదు. "ఇది వినోదం" అని చెప్పి టికెట్ కొనిపించేవాడికి ఉంది. ఆ తేడా నియమాల్లో చేరుస్తాను.

ఫణి_వైజాగ్
చట్టం కూడా రహస్యాన్ని కాపాడలేదు, అది తెలుసుకోండి. మనిషిని పెట్టెలో పెట్టి రంపంతో కోసే ట్రిక్ 1921 జనవరిలో లండన్‌లో సెల్బిట్ అనే మెజీషియన్ మొదట జనానికి చూపించాడు. హోరేస్ గోల్డిన్ అనే ఇంకో మెజీషియన్ తన పద్ధతికి 1923లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. పేటెంట్ అంటే బొమ్మలతో సహా ఎవరైనా చదువుకోవచ్చు. 1933లో ఒక సిగరెట్ కంపెనీ ప్రకటనల్లో ఆ రహస్యాన్ని వేసేసింది, ఆయన కోర్టుకెళ్ళి ఓడిపోయాడు. కానీ ఆ ట్రిక్ చచ్చిపోయిందా? 1956లో మన మెజీషియన్ పి.సి. సర్కార్ బీబీసీలో ఒక అమ్మాయిని రంపంతో కోస్తే, సమయం అయిపోయి కార్యక్రమం చటుక్కున ఆపేశారు, ఆ అమ్మాయి నిజంగానే చచ్చిపోయిందనుకుని జనం ఫోన్లు చేశారు. రహస్యం పత్రికల్లో వచ్చి ఇరవై ఏళ్ళు దాటాక జరిగిన సంగతి ఇది! పెన్ అండ్ టెల్లర్ అనే అమెరికా మెజీషియన్ల జంట అయితే గిన్నెలూ బంతులనే పారదర్శకమైన ప్లాస్టిక్ గ్లాసుల్లో చేస్తారు, బంతి ఎక్కడికి పోతోందో కనబడుతూనే ఉంటుంది, అయినా కళ్ళు వెంటాడలేవు.

సుబ్రహ్మణ్యం_తెనాలి
అందుకే మాట ముఖ్యం అంటాను. గారడీవాడు గుడ్డ కప్పుకుని పడుకున్న పిల్లాడిని ప్రశ్నలడుగుతూ, డమరుకం వాయిస్తూ, చూసేవాళ్ళని పేరు పెట్టి పలకరిస్తూ గంటసేపు నడిపేవాడు, అందులో ట్రిక్కులు ఎన్ని, నాలుగో ఐదో. మిగిలిందంతా మాట. ఈరోజు పిల్లలు తెలుగువాళ్ళ ముందు చేస్తూ "పిక్ ఎ కార్డ్, ఎనీ కార్డ్" అంటారు, నాకు నచ్చదు. బి.వి. పట్టాభిరామ్ గారు మ్యాజిక్ నుంచి హిప్నాటిజం, వ్యక్తిత్వ వికాసం వైపు వెళ్ళి అంతమందిని కూర్చోబెట్టగలిగారంటే, ఆయన తెలుగులో హాయిగా మాట్లాడేవారు కాబట్టి. వంశీ, నీ గిన్నెలకి ఒక కథ రాసుకో. ముగ్గురు అక్కచెల్లెళ్ళ ఇళ్ళ మధ్య తిరిగే తమ్ముడు అనుకో, బంతి తమ్ముడు. ఏ అక్క ఇంట్లో ఉన్నాడో జనాన్నే అడుగు.

మాధవి_టీచర్_శ్రీకాకుళం
ఆ కథ నేను బడిలో వాడుకుంటాను మాస్టారూ! ఇంకో సంగతి, ఇక్కడ చదివేవాళ్ళలో పిల్లలు కూడా ఉంటారు కాబట్టి రాస్తున్నాను. నిప్పు, నీళ్ళు, సంకెళ్ళు, తుపాకీ, వీటి జోలికి ఒంటరిగా వెళ్ళొద్దు. 2019 జూన్‌లో కోల్‌కతాలో చంచల్ లాహిరి అనే మెజీషియన్ తాళ్ళూ గొలుసులతో కట్టించుకుని హుగ్లీ నదిలో దిగి బయటికి రాలేక చనిపోయారు, అనుభవం ఉన్న మనిషి. 1918లో లండన్‌లో చుంగ్ లింగ్ సూ అనే పేరుతో ప్రదర్శనలిచ్చే ఆయన తుపాకీ గుండు పట్టే ట్రిక్ చేస్తూ స్టేజీ మీదే గుండు దెబ్బ తిని చనిపోయారు. నోట్లో కిరసనాయిలు పోసుకుని మంట ఊదడం మా పిల్లలు రీల్స్ చూసి ప్రయత్నిస్తున్నారు, దయచేసి పెద్దవాళ్ళు కనిపెట్టి ఉండండి.

వంశీ_నెల్లూరు
చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. పేపర్ కప్పులు తెచ్చాను, అమ్మ ఊలు ఉండలు అల్లిపెడతానంది. నేర్పేవాళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకో అనుమానం, ఎండాకాలంలో మా ఊళ్ళో చేతులు చెమటలు పడతాయి, నాణెం జారుతుంది, దానికేం చేయాలి?

సతీష్_కరీంనగర్
నేర్పేవాళ్ళంటే, పద్ధతి ప్రకారం బడిలా కావాలంటే తిరువనంతపురంలో గోపీనాథ్ ముతుకాడ్ గారు 1996లో పెట్టిన మ్యాజిక్ అకాడమీ ఉంది. మన దగ్గర ఎక్కువగా ఒక మెజీషియన్ వెంట తిరిగి నేర్చుకోవడమే. దగ్గర్లో ఎవరైనా షో చేస్తుంటే అయిపోయాక వెళ్ళి కలువు, రహస్యం అడగొద్దు, సామాన్లు సర్దడానికి సాయం చేయి, నువ్వు సాధన చేస్తున్న నాణెం పని చూపించి ఎక్కడ తేడా ఉందో అడుగు. అలా అడిగినోడిని ఎవ్వరూ కాదనరు.

చెమటకి పౌడర్ మాత్రం రాయకు, పూర్తిగా పొడిబారితే నాణెం ఇంకా జారుతుంది. కొంచెం తడి ఉంటేనే పట్టు. చేసే ముందు చేతులు చల్లటి నీళ్ళతో కడుక్కుని తుడుచుకో, జేబులో రుమాలు ఉంచుకుని మధ్యలో ఏదో వంకతో తుడుచుకో. అంచు అరిగిపోయిన నాణెం వద్దు, కొత్తగా, అంచు గరుకుగా ఉన్నది ఏరుకో.

డల్లాస్_కిరణ్
ఇంకోటి కూడా. ఇంట్లో చేసేటప్పుడు గోడకి ఆనుకుని కూర్చో, పిల్లలు నీ వెనక్కి రాకుండా. ఎవరైనా "మళ్ళీ చెయ్యి" అంటే అదే ట్రిక్ మళ్ళీ చేయకు, వేరేది చెయ్యి. శనివారం బావ ముందు చేశాక ఏమన్నాడో ఇక్కడ రాయి.